ఓవలా, గుండ్రమా, ప్రిన్సెసా: నిశ్చితార్థపు ఉంగరానికి ఏ వజ్రం?

ప్రశ్న: మేం చెన్నై అన్నానగర్‌లో ఉంటాం. వచ్చే నెలలో మా తమ్ముడి నిశ్చితార్థం. పెళ్లికూతురికి పెట్టే ఉంగరం కోసం టీ నగర్‌లో మూడు వజ్రాలు చూశాం. మూడూ సుమారు 50 సెంట్లే. గుండ్రంది 5.1 మిల్లీమీటర్లు, ఓవల్ 6.2 × 4.4, చతురస్రంగా ఉండే ప్రిన్సెస్ 4.4 × 4.4. అమ్మాయికి ఓవల్ ఇష్టం. అమ్మ గుండ్రమే కావాలంటోంది, మొనలున్న రాయి శుభకార్యానికి పనికిరాదంటోంది. దుకాణంలో మాత్రం ప్రిన్సెస్ తీసుకోండి, ధర కలిసివస్తుంది అంటున్నారు. అమ్మ దగ్గర ఏడు రాళ్ల పాత దుద్దులు కూడా ఉన్నాయి. వాటిని విప్పించి కొత్త నమూనాలో చేయించి అమ్మాయికి ఇవ్వవచ్చా?

సమాధానం:

రాళ్ల కొలతలు రాసినందుకు ముందుగా సంతోషం అమ్మా. బరువు, ధర తప్ప ఇంకేమీ గుర్తు పెట్టుకోకుండా వచ్చి అడిగేవాళ్లే ఎక్కువ. అయితే ఒక సంగతి మీరు రాయలేదు. ఆ అమ్మాయి ఏం పని చేస్తుంది? ఉంగరం రోజూ వేలికి ఉంటుందా, పేరంటాలకే బయటికి వస్తుందా? గిన్నెలు తోముతూ, బండి నడుపుతూ, పసిపిల్లలను ఎత్తుకుంటూ ఉండే చేతికి ఒక ఆకారం నప్పుతుంది, ఏడాదికి నాలుగుసార్లు బీరువాలోంచి తీసే ఉంగరానికి ఏ ఆకారమైనా నప్పుతుంది. ఆమెనే అడిగి తెలుసుకోండి.

నేను 31 ఏళ్లు రాళ్లు ఏరే పనిలో ఉన్నాను. మొదట ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డు వెనక ఒక సందులో, తర్వాత టీ నగర్‌లో. పొట్లం విప్పడం, పట్టకారుతో రాయి ఎత్తడం, పది రెట్లు పెద్దదిగా చూపించే లూప్‌లో చూసి ఏ కుప్పలో వేయాలో తేల్చడం, అంతే నా ఉద్యోగం. అమ్మకం ఎప్పుడూ చేయలేదు. కాబట్టి ఏ ఆకారం అమ్ముడైనా నాకు ఒరిగేదేమీ లేదు.

ప్రిన్సెస్ ధర కలిసివస్తుందని దుకాణంవాళ్లు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కారణం ముడిరాయిలోనే ఉంది. గని నుంచి వచ్చే మంచి ముడివజ్రం, రెండు పిరమిడ్లను అడుగులు కలిపి అతికించినట్టు ఉంటుంది. దాన్ని అడ్డంగా రెండు ముక్కలు చేస్తే రెండు చతురస్రపు రాళ్లు దాదాపు తయారుగా ఉన్నట్టే. ప్రిన్సెస్ కోత ఆ చతురస్రాన్ని అలాగే వాడుకుంటుంది. గుండ్రంగా తీయాలంటే నాలుగు మూలలూ సానమీద అరిగిపోవాలి. చదరపు పిండిముక్కలోంచి గిన్నె మూతతో గుండ్రని బిళ్ల కోస్తే మూలలు మిగిలిపోతాయి కదా, అలా. పిండైతే మళ్లీ ముద్ద చేసుకోవచ్చు. వజ్రం పొడి మళ్లీ వజ్రం కాదు. గుండ్రని రాయి తీసేటప్పుడు ముడిరాయి బరువులో సగానికి పైగా పోవడం మామూలే. ఆ పోయిన సగం ఖరీదు కూడా కొన్నవాళ్ల బిల్లులోకే వస్తుంది. పైగా గుండ్రానికే గిరాకీ ఎక్కువ. అందుకే ఒకే బరువు, ఒకే రంగు, ఒకే స్వచ్ఛత ఉన్న రాళ్లలో గుండ్రం ధర సాధారణంగా పైన ఉంటుంది.

బరువు పోగొట్టుకుని వెలుగు కొనుక్కోవడం కొత్త సంగతి కాదు. మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిదని చెప్పుకునే కోహినూరు కథే తీసుకోండి. 1851లో లండన్ ప్రదర్శనలో పెట్టినప్పుడు అది 186 క్యారెట్ల రాయి. వరుసలో నిలబడి చూసినవాళ్లు గాజుముక్కలా ఉందని పెదవి విరిచారు. మరుసటి ఏడాది ఆమ్‌స్టర్‌డామ్ నుంచి పనివాళ్లను రప్పించి మళ్లీ సానబట్టించారు. మిగిలింది 105.6 క్యారెట్లు. తీసిన ఆకారం ఏమిటో తెలుసా? ఓవల్. కాబట్టి మీ కాబోయే మరదలి అభిరుచి మరీ కొత్త ఫ్యాషనేమీ కాదని మీ అమ్మగారికి చెప్పవచ్చు. ఇప్పుడు దుకాణాల్లో కనిపించే ఓవల్ కోత మాత్రం 1957లో లాజర్ కాప్లన్ తీర్చిదిద్దినది.

ఇక మీ మూడు రాళ్ల లెక్క. ఒక క్యారెట్ అంటే 0.2 గ్రాములు, అందులో నూరో వంతు సెంటు. బరువు సమానమైనా పైనుంచి కనిపించే వైశాల్యం సమానం కాదు. మీ గుండ్రని రాయి పైభాగం సుమారు 20.4 చదరపు మిల్లీమీటర్లు, ఓవల్ 21.4, ప్రిన్సెస్ 19.4. తేడా చిన్నదే, కానీ కన్ను పొడవుకు ఎక్కువగా లొంగుతుంది. 6.2 మిల్లీమీటర్ల పొడవున్న ఓవల్, 5.1 మిల్లీమీటర్ల గుండ్రం కంటే చాలా పెద్దదిగా అనిపిస్తుంది. వేలు కూడా కాస్త పొడవుగా కనిపిస్తుంది. ప్రిన్సెస్ మాత్రం బరువును కింద, పొట్టలో దాచుకుంటుంది.

ఓవల్ అయితే చాలు పెద్దదిగా కనిపిస్తుందని మాత్రం అనుకోకండి. అదే 50 సెంట్లు 5.9 × 4.3లో, వెడల్పులో 72 శాతం లోతుతో కోసిన రాళ్లు కూడా బజారులో ఉన్నాయి. అక్కడ బరువంతా కిందికి దిగిపోయింది. డబ్బు బరువుకు కట్టి, ఆ బరువును బంగారపు కట్టులో దాచిపెట్టుకోవడం ఎందుకు? ఓవల్‌కు లోతు 58 నుంచి 65 శాతం మధ్య ఉన్నవి ముందు చూడండి. పొడవును వెడల్పుతో భాగిస్తే 1.35 నుంచి 1.50 వరకు వచ్చేవి కంటికి ఇంపుగా ఉంటాయి. మీది 1.41. ఆ లెక్కలో బాగానే ఉంది.

ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. లెక్కలో బాగున్న ఓవల్ కంటికి బాగుండకపోవచ్చు. గుండ్రని రాయికి ఆ బాధ తక్కువ. మార్సెల్ టోల్కోవ్‌స్కీ అనే ఇంజినీరు 1919లోనే గుండ్రని వజ్రం ఏ కోణాల్లో కోస్తే వెలుగు బాగా తిరిగి వస్తుందో లెక్కగట్టి పెట్టారు. వజ్రంలోకి దూరిన వెలుగు లోపలి గోడను లంబానికి సుమారు 24 డిగ్రీలు దాటిన వాలుతో తాకితే బయటికి కారిపోదు, వెనక్కి మళ్లుతుంది. ఆ గుణాన్ని వాడుకుని, కింది పలకలు రెండుసార్లు మళ్లించి పైకి పంపేటట్టు కోణాలు పెట్టాలి. గుండ్రంలో చుట్టూ ఒకే కొలత గనుక ఒకసారి లెక్క కుదిరితే అంతటా కుదురుతుంది. వజ్రాలను పరీక్షించి పత్రాలిచ్చే జీఐఏ ప్రయోగశాల 2006 నుంచి గుండ్రని రాళ్లకు కోత గ్రేడు ఇస్తోంది. 'ఎక్సలెంట్' అని రాసి ఉంటే, కళ్లు మూసుకుని కాకపోయినా, ఒక కన్ను మూసుకుని కొనవచ్చు.

ఓవల్ అలా కాదు. పొడవు వైపు ఒక కోణం, వెడల్పు వైపు మరో కోణం. జీఐఏ కాగితంలో ఓవల్‌కు సాన నునుపు (పాలిష్), సౌష్ఠవం గ్రేడులు ఉంటాయి, మొత్తం కోతకు గ్రేడు ఉండదు. కొన్ని ఇతర ప్రయోగశాలలు రాస్తాయి, నేను వాటిని చూసి ఊరుకుంటాను. రంగు, స్వచ్ఛత, కొలతలు అన్నీ ఒకటే అయిన రెండు ఓవల్ రాళ్లను పక్కపక్కన పెడితే, ఒకటి దీపావళి కాకరపువ్వొత్తిలా, ఇంకొకటి తడిసిన కాకరపువ్వొత్తిలా ఉండటం ఎన్నోసార్లు చూశాను. కాగితం ఆ తేడా చెప్పదు. అందుకే 'ఓవల్ కొనాలా' అనే ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. 'ఈ ఓవల్ కొనాలా' అంటే, ఎలా చూడాలో చెప్పగలను.

మొదట చూడవలసింది బో టై. ఓవల్ నడిమధ్యన, అడ్డంగా, సీతాకోకచిలుక రెక్కలు పరిచినట్టు ఒక నల్లని నీడ ఉంటుంది. దాదాపు ప్రతి ఓవల్‌లోనూ, నీటిబొట్టు ఆకారపు పియర్‌లోనూ, రెండు వైపులా మొనలున్న మార్కీజ్‌లోనూ ఎంతో కొంత ఉంటుంది. అది మరకా కాదు, లోపమూ కాదు. రాయి మీదికి వంగి చూస్తున్న మన తలే ఆ నీడ. తల అడ్డు పడిన వైపు నుంచి వెలుగు రాదు, ఆ చీకటినే రాయి మనకు తిప్పి చూపిస్తుంది. బాగా కోసిన రాయిలో అది లేతగా ఉండి, వేలు కదిపితే చెదిరిపోతుంది, నల్లగా ఉన్నచోట మరుక్షణం మెరుపు వస్తుంది. చెడ్డ కోతలో ఎటు తిప్పినా కాటుక పెట్టినట్టు అక్కడే కూర్చుంటుంది. రాయిని మూరెడు దూరంలో పట్టుకుని, మెల్లగా ముందుకూ వెనక్కూ, పక్కలకూ వంచండి. ఆ నలుపు కదలకపోతే ఆ రాయి వద్దు, ఎంత తగ్గించి ఇస్తామన్నా వద్దు.

రెండోది, దుకాణం దీపాలు. టీ నగర్ దుకాణాల్లో పైకప్పు నిండా చిన్నచిన్న ఫోకస్ దీపాలు ఉంటాయి. వాటి కింద గాజుముక్క కూడా పెళ్లికళతో మెరుస్తుంది. రాయిని బయటికి ఇవ్వరు, ఇవ్వకపోవడమే న్యాయం. కానీ ఒక ఉద్యోగిని వెంటబెట్టుకుని గాజు తలుపు దాకా రావచ్చా అని అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల మధ్య వెళ్లండి. ఎండలో కాదు, నీడపట్టున నిలబడి చూడండి. తర్వాత లోపలే, సామాన్లు పెట్టుకునే గది దగ్గర మామూలు ట్యూబ్‌లైటు ఉంటుంది, దాని కింద కూడా చూడండి. మీ ఇంటి వంటగదిలో, ఆఫీసులో ఆ ఉంగరం బతికేది ఆ వెలుగులోనే. అరచేతిని రాయి మీద గొడుగులా పెట్టి, చీకటి చేసి కూడా చూడండి. అప్పుడు కూడా రెండు మూడు చోట్ల మిణుక్కుమంటే దాన్ని వదలకండి.

మా చిన్నప్పుడు వజ్రాన్ని ఇంటికి తీసుకువెళ్లి కొన్నాళ్లు ఉంచుకుని, అచ్చివస్తేనే డబ్బు కట్టే ఆచారం ఉండేది. నమ్మకం దుకాణదారుకు కొన్నవాళ్ల మీద, కొన్నవాళ్లకు రాయి మీద. అచ్చిరావడం సంగతి నేను చెప్పలేను గాని, ఆ ఆచారం వల్ల రాయిని పొద్దుటి వెలుగులో, దీపం వెలుగులో, వాన మబ్బులో చూసే అవకాశం దొరికేది. మన వాళ్లు వజ్రాన్ని రవ్వ అన్నారు. నిప్పురవ్వలోని రవ్వే అది. ఆకారం పేరు పెట్టలేదు, బరువు పేరు పెట్టలేదు, మెరుపు పేరు పెట్టారు. నాకు ఈ మాట ఎందుకో చాలా ఇష్టం.

రంగు గురించి ఒక జాగ్రత్త. గుండ్రం చిన్నపాటి పసుపు ఛాయను తన మెరుపులో కప్పేస్తుంది. ఓవల్‌లో ఆ ఛాయ రెండు చివరలకూ చేరి కూర్చుంటుంది, పియర్‌లో మొన దగ్గర పేరుకుంటుంది. ఉంగరం పసుపు బంగారంలో చేయిస్తే హెచ్, ఐ రంగు (ఆంగ్ల అక్షరం ముందుకు పోయేకొద్దీ పసుపు ఛాయ పెరుగుతుంది) దాకా దిగినా ఇబ్బంది లేదు. తెల్ల బంగారమో ప్లాటినమో అయితే జి దగ్గర ఆగండి. రాయిని తెల్లని మడతకాగితంలో, పక్క నుంచి చూస్తే ఛాయ తెలుస్తుంది. స్వచ్ఛతకు వీఎస్2, అంటే లూప్‌లో మాత్రమే తెలిసే చిన్న మచ్చలున్న గ్రేడు, చాలు. కంటికి కనిపించని మచ్చకు అదనంగా డబ్బు కట్టడం కంటే ఆ డబ్బుతో మంచి కోత కొనుక్కోవడం మేలని నా అభిప్రాయం. నాతో పనిచేసినవాళ్లలో సగం మంది దీనికి ఒప్పుకోరు.

ఇప్పుడు మీ అమ్మగారి మొనల సంగతి. శకునం మాట వదిలేస్తే, ఆవిడ భయంలో కొంత నిజం ఉంది. నా కథే చెబుతాను. ఉద్యోగంలో చేరిన ఆరేళ్లకు, ఒక కుటుంబం కోసం 80 సెంట్ల పియర్ ఏరి పెట్టాను. నీటిబొట్టులా ముచ్చటగా ఉంది. మొన దగ్గర ఈకలాంటి సన్నని పగులు ఒకటి లూప్‌లో కనిపించింది. దాన్ని రాయిని పట్టి ఉంచే బంగారు గోరు కిందకి తోసేస్తే కనిపించదులే అనుకున్నాను. కనిపించదన్న మాట నిజమే. కానీ పొదిగే అతను మొన మీద గోరు వంచి నొక్కినప్పుడు టిక్‌మని చప్పుడైంది. లూప్ పెట్టి చూస్తే మొన లేదు. ఆ నష్టం మేము పనిచేసే చోటే భరించింది, నన్ను ఎవరూ తిట్టలేదు, అదే ఎక్కువ బాధ. వజ్రం కంటే గట్టిది లేదని చదువుకున్నాం. గీతలు పడకపోవడం గట్టిదనం. పగలకపోవడం వేరే గుణం. వజ్రంలో నాలుగు దిక్కుల్లో పొర లేచే తలాలున్నాయి, ఆ దిక్కున దెబ్బ తగిలితే కట్టెలా చీలుతుంది. సన్నని మొన అంటే ఆ చీలికకు పిలిచి పీట వేసినట్టు.

ఓవల్‌కు మొన లేదు కదా. ఆ మాటే అమ్మగారికి చెప్పండి. కోడిగుడ్డుకు మొన ఉందని ఎవరూ అనరు. పైగా మన పాత రత్నశాస్త్రాలు మేలైన వజ్రానికి ఆరు కొనలు, ఎనిమిది పలకలు, పన్నెండు అంచులు ఉండాలన్నాయి. అవి వర్ణించింది సానబట్టని సహజమైన ముడిరాయిని. అంటే మన పెద్దలు మొనలున్న వజ్రాన్నే మెచ్చుకున్నారు. వాళ్లు దోషమన్నది లోపలి కాకిపాదం లాంటి మచ్చలను. ఈ వాదనతో అమ్మగారు ఒప్పుకుంటారని నేను హామీ ఇవ్వలేను. మా ఇంట్లో ఇలాంటివి ఎప్పుడూ పనిచేయలేదు.

ప్రిన్సెస్‌కు మాత్రం నాలుగు మొనలు, నాలుగూ బయటికే. 1980 ప్రాంతంలో వచ్చిన ఈ కోత బాగా కుదిరితే గుండ్రానికి దగ్గరగా మెరుస్తుంది, నేను చిన్నబుచ్చడం లేదు. చెవికీ మెడకూ నిశ్చింతగా కొనవచ్చు. రోజూ వేలికి ఉండే ఉంగరానికి మాత్రం నాలుగు మూలలకూ 'వి' ఆకారంలో బంగారపు తొడుగు ఉండి తీరాలి. అది లేని నమూనా చూపిస్తే పక్కకు నెట్టండి. ఇంకో చిన్న సంగతి, మూలలు కంచి పట్టుచీర జరీని పట్టి లాగుతాయి. నిశ్చితార్థం రోజున ఆ అమ్మాయి కట్టుకునేది అదే కదా.

మీరు అడగకపోయినా దుకాణంలో మిగతావి కూడా చూపిస్తారు. ఎమరాల్డ్ కోతలో పలకలు మెట్లమెట్లుగా ఉంటాయి. చిన్నచిన్న మెరుపులు రావు, అద్దం తళుక్కుమన్నట్టు పెద్ద వెలుగులు వస్తాయి. కోనేటి మెట్లు దిగుతున్నట్టు లోపలికి చూపు పోతుంది. కాబట్టి మచ్చ, రంగు ఏదీ దాగదు. స్వచ్ఛత ఒక మెట్టు ఎక్కువ తీసుకోవాలి. మూలలు కోసేసి ఉంటాయి గనుక విరిగే భయం తక్కువ. నాకు అన్నిటికంటే ఇష్టమైన కోత ఇదే, కానీ 50 సెంట్లలో దాని అందం తెలియదు. కుషన్ అంటే మూలలు గుండ్రం చేసిన దిండు, రంగురాళ్ల పక్కన బాగుంటుంది. మార్కీజ్ వడ్లగింజలా ఉంటుంది, ఉన్న బరువుకు అన్నిటికంటే పెద్దదిగా కనిపిస్తుంది, రెండు మొనలకూ కాపలా కావాలి. హృదయాకారం 50 సెంట్లలో దూరం నుంచి తమలపాకులానో, ఏదో విరిగిన గుండ్రంలానో కనిపిస్తుంది. వద్దు.

ఇక ఏడు రాళ్ల దుద్దులు. వీటి గురించి మీరు చివర ఒక్క వాక్యం రాశారు, నాకు మాత్రం అక్కడే మనసు నిలిచిపోయింది. మధ్యన ఒకటి, చుట్టూ ఆరు. ఒకే కొలత ఉన్న ఆరు గుండ్రాలు అదే కొలత ఉన్న ఏడో గుండ్రం చుట్టూ సరిగ్గా, ఒకదాన్నొకటి తాకుతూ అమరుతాయి. ఏడు రూపాయి బిళ్లలు బల్లమీద పెట్టి చూడండి. ఆ నమూనా తమిళుల ఇళ్లలోనూ మన ఇళ్లలోనూ తరాల తరబడి మారకుండా నిలవడానికి కారణం ఆ లెక్కే అయి ఉంటుందని నా ఊహ. రెండు దుద్దులకూ కలిపి పద్నాలుగు రాళ్లు ఒకే కొలత, ఒకే రంగు, ఒకే మెరుపుతో ఏరడం ఎంత కష్టమో ఏరినవాళ్లకే తెలుసు. ఒక జత కోసం నేను మూడు వారాలు పొట్లాలు తిరగేసిన రోజులున్నాయి. వాటిని విప్పి ఉంగరానికి రెండు, లాకెట్టుకు మూడు పంచితే ఆ ఏరిన పని అంతా పోయినట్టే.

పాత దుద్దులు చాలావరకు వెనక మూసిన కట్టులో ఉంటాయి, ఇక్కడ క్లోజ్ సెట్టింగ్ అంటారు. ఏళ్ల తరబడి నూనె, సబ్బు, చెమట లోపలికి చేరి రాయి వెనక మురికి పడుతుంది. అప్పుడు వజ్రం మొద్దుబారి కనిపిస్తుంది, దుకాణంలో 'పాత రాయి, దీనికి విలువ లేదు' అనే మాట వినిపిస్తుంది. నమ్మకండి. వజ్రానికి నూనె అంటుకునే గుణం ఎక్కువ, అంతే. మురికి పోతే రాయి మళ్లీ మేలుకుంటుంది. కట్టు విప్పకుండా తరాజులో వేసి రాళ్ల బరువు చెప్పేవాళ్ల మాట కూడా లెక్కలోకి తీసుకోకండి. నమ్మకమైన పనివాడి చేత, మీ కళ్ల ముందు, ఒక్కో రాయీ విప్పించి, శుభ్రం చేయించి, తూకం వేయించి, కాగితం మీద రాయించుకుని, అదే ఏడు రాళ్ల నమూనాలో కొత్తగా కట్టించండి. వెనక తెరిచిన కట్టు అయితే వెలుగు బాగా ఆడుతుంది, శుభ్రం చేయడం తేలిక.

ఆ రాళ్లను అతినీలలోహిత దీపం కింద పెట్టించి చూడండి. నీలంగా వెలిగితే మీ అమ్మగారితో ఒక మాట అడగండి, కొన్నప్పుడు 'బ్లూ జాగర్' అన్నారా అని. దక్షిణాఫ్రికాలోని జాగర్స్‌ఫాంటైన్ గని పేరు అది. నీలి ఛాయ ఉన్న తెల్లని రాళ్లకు ఆ గని పేరే వాడుకైపోయింది. చెన్నైలో పాత తరం వాళ్లకు ఆ మాటంటే ప్రాణం. ఇప్పటి ప్రమాణపత్రాల్లో దాన్ని ఫ్లోరెసెన్స్ అని రాసి, కొందరు దాన్నే సాకుగా చూపి ధర తగ్గిస్తారు. అమ్మమ్మలు ఎక్కువ డబ్బిచ్చి కొన్న గుణానికి మనవరాళ్లకు తగ్గింపు దొరుకుతోంది. రాయి మసకగా, పాలు కలిపినట్టు లేకపోతే ఆ నీలం వల్ల నష్టమేమీ లేదు.

ప్రయోగశాలలో పెంచిన వజ్రాల గురించి కూడా దుకాణంలో చెప్పి ఉంటారు. అవీ కర్బనమే, అదే గట్టిదనం, అదే మెరుపు. అదే డబ్బుకు చాలా పెద్ద రాయి వస్తుంది. తిరిగి అమ్మే ఉద్దేశం ఉంటే మాత్రం వద్దు, వాటి ధరలు కొన్నేళ్లుగా పడుతూనే ఉన్నాయి. ఆకారం, బో టై, మొనల గురించి పైన చెప్పినదంతా వాటికీ వర్తిస్తుంది.

బిల్లులో బంగారం నికర బరువు, రాయి బరువు విడివిడిగా ఉండాలి. వజ్రపు ఉంగరం సాధారణంగా 18 క్యారెట్ల బంగారంలో చేస్తారు, 750 అనే ముద్ర, అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే, ప్రతి నగకూ వేరుగా ఇచ్చే హెచ్‌యూఐడీ సంఖ్య ఉన్నాయో లేదో చూసుకోండి. ఆ ముద్ర బంగారానికే, వజ్రానికి కాదు. వజ్రానికి ప్రమాణపత్రం వేరు. పత్రం మీది సంఖ్య చాలా రాళ్లకు నడుము మీద, అంటే చుట్టూ ఉండే అంచు మీద, సన్నగా లేజర్‌తో చెక్కి ఉంటుంది. లూప్ అడిగి, మీరే చదివి సరిచూసుకోండి. సిగ్గుపడకండి. తిరిగి ఇస్తే ఎంత కట్టిస్తారో, మార్చుకుంటే ఎంతో నోటిమాటగా కాకుండా రాయించుకోండి.

నా సలహా అడిగారు కాబట్టి చెబుతున్నాను. మళ్లీ వెళ్లి ఆ 6.2 × 4.4 ఓవల్‌ను తలుపు దగ్గర, ట్యూబ్‌లైటు కింద, అరచేతి నీడలో చూడండి. నడుమ నలుపు కదిలి చెదిరితే దాన్నే తీసుకోండి, నాలుగు కాదు, ఆరు గోళ్ల కట్టు వేయించండి. కదలకపోతే ఇంకో రెండు మూడు ఓవల్ రాళ్లు తెప్పించమనండి, రెండు రోజులు ఆగితే తెప్పిస్తారు. నెల రోజుల్లో మంచిది దొరక్కపోతే 5.1 గుండ్రం ఉండనే ఉంది, దాని కాగితంలో కోత ఎక్సలెంట్ అయితే అమ్మగారి మాటా నెగ్గుతుంది. ప్రిన్సెస్ ఈ ఉంగరానికి వద్దు.

ఆ అమ్మాయి వేలి కొలత సాయంత్రం పూట తీయించండి. చెన్నై ఉక్కలో పొద్దుటికీ సాయంత్రానికీ వేళ్లలో తేడా ఉంటుంది. పొద్దున తీసిన కొలతతో చేయిస్తే సాయంత్రం ముహూర్తానికి ఉంగరం కణుపు దాటక, మీ తమ్ముడు అందరి ముందూ సబ్బు అడగవలసి వస్తుంది.